కోటు జేబులో రెండు కార్డులు

జనవరి ఒకటో తారీఖు ఉదయం మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఆరాధన అయ్యాక పాస్టర్ గారి భార్య ఒక బుట్ట పట్టుకుని కుర్చీల వరసల మధ్య నడుస్తారు. బుట్టలో బోర్లా పెట్టిన చిన్న చిన్న కార్డులుంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో బైబిలు మాట. కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసుకుని, ఒకటి తీసుకోవాలి. ఏ మాట వస్తే ఆ ఏడాదికి అదే మన వాగ్దానం. కోస్తా క్రైస్తవ ఇళ్ళలో పుట్టిన మాలాంటివాళ్ళకి కొత్త సంవత్సరం కేకు లేకపోయినా ఫరవాలేదు గానీ ఈ కార్డు లేకపోతే గడవదు. ఆ రోజు ఫోన్లన్నిటిలోనూ మొదటి ప్రశ్న, నీకే వాగ్దానం వచ్చింది అనే. రాలేకపోయినవాళ్ళ కోసం ఇంట్లోవాళ్ళు తీయవచ్చు. మనసులో వాళ్ళని తలుచుకుని తీయాలి, అంతే నియమం.

రెండేళ్ళ కిందట ఆ రోజున మా ఆయన జ్వరంతో ఇంట్లో పడుకున్నారు. కెనడాలో మేముండే విండ్సర్‌లో, మేం ఆదివారాలు అద్దెకు తీసుకునే చర్చి హాలుకి నేనొక్కదాన్నే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. బుట్ట నా దగ్గరికి వచ్చినప్పుడు ముందు ఆయన్ని తలుచుకుని ఒకటి తీశాను, తర్వాత నాకోసం ఇంకొకటి. ఆయనది కోటు కుడి జేబులో, నాది ఎడమ జేబులో పెట్టుకున్నాను. కారెక్కి, హీటర్ వేడెక్కేలోపు రెండూ తిప్పి చూశాను. ఆయన కార్డులో ఉన్నచోట నెమ్మదిగా ఉండమనే మాట ఉంది. నా కార్డులో లేచి బయలుదేరి వెళ్ళమనే మాట ఉంది.

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. మా ఆయనకి ఉన్నచోట ఉండమని ప్రత్యేకంగా ఎవరైనా చెప్పాలా? ఆ మనిషి ఇరవై ఆరేళ్ళుగా ఒకే కార్ల ప్లాంటులో, తలుపులు బిగించే ఒకే డోర్ లైన్‌లో, దాదాపు ఒకే చోట నిలబడి పనిచేస్తున్నారు. ఇంట్లో ఒకే కుర్చీ. సెలవులకి మార్కమ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి రెండో రోజే ఇంటికి పోదామంటారు. నన్ను బయలుదేరమని చెప్పి ఏం లాభం? నేనెప్పుడూ బయలుదేరే ఉంటాను. కదలాల్సింది ఆయన కదా అనుకున్నాను.

కుడి జేబులోది ఎడమ జేబులో పెట్టాను, ఎడమ జేబులోది కుడి జేబులో పెట్టాను. చేసిందంతా అదే. దొంగతనం చేస్తున్నట్టు కూడా అనిపించలేదు. చీటీలు కాస్త పొరపాటున అటూ ఇటూ అయ్యాయి, నేను సరిదిద్దాను అనుకున్నాను. ఇంటికి వెళ్ళి కుడి జేబులోంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దుప్పట్లోంచే చదువుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, పర్సులో పెట్టుకున్నారు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నాకు కాలు ఒకచోట నిలవదు. మా అత్తగారు బతికున్న రోజుల్లో నన్ను చూసి కాలుగాలిన పిల్లి అనేవారు. ఇంట్లో సోఫాని ఏడాదికి మూడు చోట్లకి మారుస్తాను. ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తాను, పెద్దవాళ్ళకి స్నానాలు చేయించడం, తినిపించడం, నడిపించడం. అక్కడ ఒక ముసలావిడ ఉండేది. నేను తల దువ్వుతుంటే తను, తన భర్త ఒక పాత వ్యాన్‌లో ఆస్ట్రేలియా దక్షిణపు ఒడ్డు వెంబడి తిరిగిన సంగతి చెప్పేది. భోజనంలో ఏం తిన్నదో గుర్తుండేది కాదు గానీ ఆ ఊళ్ళ పేర్లు వరసగా చెప్పేది. ఆవిడ పోయాక ఆవిడ కూతురు వాళ్ళు అప్పుడు వాడిన, మడతలు చిరిగిన మ్యాప్ నాకిచ్చింది. దాన్ని మా బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ పైన గోడకి అంటించాను. బట్టలు తిరుగుతున్నంతసేపూ దాన్ని చూస్తూ నిలబడేదాన్ని. వెళ్దామని మా ఆయన్ని ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. చూద్దాంలే అనేవారు. ఆయన చూద్దాంలే అంటే కాదని అర్థం.

జనవరి మధ్యలో ప్లాంటులో అందరికీ ఉత్తరాలొచ్చాయి. సర్వీసు ఎక్కువున్నవాళ్ళు కావాలంటే ప్యాకేజీ తీసుకుని ముందుగా రిటైర్ కావచ్చు, నెలాఖరులోగా సంతకం పెట్టాలి. మా ఆయనకి యాభై ఏడు. ప్యాకేజీ తీసుకోవాలని లేదు ఆయనకి. ఆ డోర్ లైన్ ఆయనకి ఇష్టం. తలుపు అమర్చాక దానికీ బాడీకీ మధ్య ఉన్న సందు వెంట పైనుంచి కిందికి వేళ్ళు జరిపితే చాలు, సరిగ్గా కూర్చుందో లేదో చెప్పేస్తారు. రెండు వారాలు ఆ ఉత్తరాన్ని బల్ల మీద పెట్టుకుని తిప్పలు పడ్డారు. ఆఖరి రోజుకి ముందు సాయంత్రం పర్సులోంచి కార్డు తీసి ఉత్తరం పక్కన పెట్టారు.

"చూశావా. నేను అడక్కముందే చెప్పాడు ఆయన," అన్నారు.

పైకి చూస్తూ అన్నారు. నేను అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. లేచి టీ పెట్టడానికి వెళ్ళాను. నేను కప్పులు కడుగుతుండగా వెనక పెన్ను గీసిన చప్పుడు వినిపించింది. టీ తెచ్చి ఇచ్చాను, తాగారు, తాగి, "నీ ఆస్ట్రేలియా ఎక్కడుందో చూపించు," అన్నారు.

మా అమ్మాయికి ఫోన్లో చెప్పాను. "మామ్, డాడ్ జాబ్ వదిలేశాడా? బికాజ్ ఆఫ్ ఎ కార్డ్?" అంది. నేను తిట్టాను దాన్ని, దేవుడి మాటంటే నీకు లెక్కలేదని. ఆ తిట్టు నాకే తగలాలి. ఆ రోజు ఫోన్ పెట్టేశాక వంటగదిలో ఏ పనీ లేకుండా చాలాసేపు గిన్నెలు సర్దాను.

మార్చిలో వీపుకి బ్యాగులు తగిలించుకుని అడిలైడ్‌లో దిగాం. ఇక్కడ రోడ్డు పక్కన ఇంకా మంచు గుట్టలున్నాయి, అక్కడ ఎండ. మొదటి పది రోజులు కుర్రకారు తిరిగినట్టే తిరిగాం, బస్సులు, కాలినడక, ప్రయాణికులు చవగ్గా దిగే హాస్టళ్ళు. ఒక్కో గదిలో ఎనిమిదేసి రెండంతస్తుల మంచాలు. మా ఆయన పైమంచం ఎక్కలేరు, కింది మంచం పక్కన మోకాళ్ళూని ప్రార్థన చేసుకునేవారు. ఇరవయ్యేళ్ళ జర్మన్ పిల్లలు ఆయన లేచేదాకా పాటలు ఆపి నిలబడేవాళ్ళు. పొద్దున్నే అందరి దుప్పట్లూ ఈయనే మడతపెట్టేవారు. సముద్రం ఒడ్డున కొండ అంచు వెంట నడుస్తుంటే ఆయన బ్యాగులో రైస్ కుక్కర్ మూత టకటకమని కొట్టుకునేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇంత తేలిగ్గా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. అదే నాకు గుచ్చుకుంది. విసుక్కుంటే, ఇంటికి పోదామంటే, నాకు బాగుండేది.

పదకొండో రోజున అడిలైడ్‌కి తిరిగొచ్చి, లోపలే వండుకుని పడుకునే క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకున్నాం. మెల్‌బోర్న్ దాకా తీరం వెంట వెళ్ళి అక్కడ అప్పగించాలి. ఆయన తాళం చేతికి రాగానే పక్కకి జరిగే తలుపు సందు వెంట వేళ్ళు జరిపి, "కింద రెండు మిల్లీమీటర్లు ఎక్కువుంది," అన్నారు. అక్కడ ఎడమవైపు నడపాలి. ఇండియాలో పుట్టినవాళ్ళం, మనకది పుట్టుకతోనే వచ్చు అని నాతో గొప్పలు పోయారు. ఆయన ఇండియాలో నడిపింది సైకిలొక్కటే. మొదటి రోజంతా మలుపు వచ్చినప్పుడల్లా ఇండికేటర్ బదులు వైపర్లు తిరిగాయి. నా వాగ్దానం కార్డుని మాత్రం స్టీరింగ్ ముందు, అద్దం అంచున నిలబెట్టారు. ఆయన తనదనుకున్న కార్డుని.

మర్నాడు పొద్దున్న, ఇసుక దిబ్బల వెనకున్న పొడుగాటి ఉప్పునీటి మడుగు ఒడ్డున ఆపి, ఇడ్లీరవ్వ ఉప్మా తింటుండగా, ఆయన బ్యాగులోంచి ఒక నోట్‌బుక్ తీశారు.

"తిరిగి వెళ్ళాక మొదటి ఆదివారం సాక్ష్యం చెప్తానన్నాను పాస్టర్ గారితో," అన్నారు.

నా చేతిలో చెంచా ఆగిపోయింది. సాక్ష్యమంటే సంఘమంతటి ముందూ నిలబడి దేవుడు తనకేం చేశాడో చెప్పడం. మా ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మైకు ముట్టుకోలేదు. పెళ్ళిళ్ళలో ఆశీర్వాద ప్రార్థన చేయమంటే బాత్రూమ్‌లోకి వెళ్ళిపోయే మనిషి.

"ఏం చెప్తారు?" అన్నాను.

"ఇదే. కార్డు సంగతి. నువ్వు నాకోసం తీసిన సంగతి."

అప్పటినుంచి నేను ఆయన్ని కూర్చోనివ్వలేదు. ఆయన నడుపుతున్నంతసేపూ రాయలేరు కదా. ఎక్కడ ఆగినా, ఆయన చెయ్యి నోట్‌బుక్ వైపు వెళ్ళిందంటే నేను వ్యాన్‌తో ఇచ్చిన రోడ్డు మ్యాప్ తీసేదాన్ని. మేడంత ఎత్తున్న పెద్ద రొయ్య బొమ్మ ఉన్న ఊళ్ళో పెట్రోలు పోయించుకున్నంతసేపే ఆగాం. రోబ్ అనే ఊళ్ళో మూడు రోజులు ఉందామని ముందే చెప్పిపెట్టుకున్న చోటుని మర్నాటి పొద్దున్నే ఖాళీ చేయించాను, గాలి పడలేదని అబద్ధమాడి. నీలం రంగు సరస్సు ఉందని జనం ఎక్కడెక్కడినుంచో వచ్చే ఊళ్ళో, దాని ఒడ్డున టీ చల్లారే దాకా కూడా నిలవలేదు. ముసలావిడ చెప్పిన పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయి, పోతున్నాయి. ఏళ్ళ తరబడి వాషింగ్ మెషీన్ ముందు నిలబడి చూసిన ఊళ్ళు. వాటిలో ఒక్కదాన్నీ నేను సరిగ్గా చూడలేదు. ఆయన మాత్రం ప్రతి ఊళ్ళోనూ రెండేసి వాక్యాలు రాస్తూనే ఉన్నారు, నేను స్నానానికి వెళ్ళినప్పుడు.

పోర్ట్ ఫెయిరీలో గాలి మమ్మల్ని ఆపేసింది. క్యాంపు చూసుకునే ఆవిడ వచ్చి, ముందు రోడ్డు మీద చెట్లు పడ్డాయి, ఇవాళ ఎక్కడికీ కదలొద్దని చెప్పి వెళ్ళింది. వ్యాన్ అటూ ఇటూ ఊగుతోంది. నేను గిన్నెలన్నీ కడిగాను, కడిగినవే మళ్ళీ కడిగాను. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన కళ్ళజోడు పెట్టుకుని నోట్‌బుక్ తెరిచారు.

"అయిపోయింది. చదవనా?" అన్నారు.

"గాలి తగ్గాక చదవండి."

"గాలి తగ్గితే బండి తియ్యమంటావు."

గమనించారన్నమాట. ఇంక నాకు తప్పించుకునే దారి లేకపోయింది. ఆయన చదవడం మొదలుపెట్టారు. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాదు అని మొదలైంది. ప్లాంటు గురించి, ఉత్తరం గురించి, నిద్రపట్టని రెండు వారాల గురించి. తలుపులు అమర్చినట్టే మాటలూ పొందిగ్గా అమర్చుకున్నారు. అప్పుడు కార్డు దగ్గరికి వచ్చారు. నేను జ్వరంతో ఉంటే నా భార్య నాకు బదులు చెయ్యి చాచింది, ఆ చేతిలో దేవుడు నా దారి పెట్టాడు అని చదివారు.

"ఆపండి," అన్నాను.

"ఏం, బాలేదా?"

"ఆ కార్డు మీది కాదు."

కళ్ళజోడు పైనుంచి చూశారు. "అంటే?"

"మీకోసం తీసింది వేరేది. ఇది నాది. కారులో కూర్చుని మార్చేశాను."

నేను పరిహాసమాడుతున్నానేమోనని ఆయన నా మొహం చూశారు. తర్వాత పెన్నుకి మూత పెట్టి, నోట్‌బుక్ మూసి, తలుపు జరిపారు. గాలి లోపలికి కొట్టి కాగితాలన్నీ ఎగిరాయి. బయటినుంచి తలుపు వేసి, కిటికీలోంచి నాకు కనిపిస్తుండగా, ఆ సందు వెంట పైనుంచి కిందికి వేళ్ళు జరిపారు. అలవాటు కొద్దీ. ఆ తర్వాత సముద్రం వైపు నడిచి వెళ్ళిపోయారు.

నాకు సిగ్గేసింది. అంతకన్నా భయం ఎక్కువ వేసింది. ఆయన అరిచే మనిషి కాదు. అరిస్తే నేనూ అరిచి తేల్చుకునేదాన్ని. మాటలు మానెయ్యడం ఆయనకి బాగా వచ్చు, మానేస్తే ఎన్నాళ్ళైనా ఉండగలరు. కాగితాలన్నీ ఏరి, సర్ది, మళ్ళీ సర్ది, ఇంక చేయడానికేమీ లేక ఆ చిన్న పరుపు అంచున కూర్చున్నాను.

ఆయన తిరిగొచ్చేసరికి జుట్టంతా నిక్కబొడుచుకుని ఉంది.

"నాదేదీ? పారేశావా?" అన్నారు.

పారేయలేదు. పాస్‌పోర్టుల సంచిలో వెనక అరలో ఉంచాను, కెనడానుంచి మోసుకొచ్చాను. తీసి ఇచ్చాను. రెండుసార్లు చదివారు.

"ఇది వచ్చుంటే నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు."

"తెలుసు."

"తెలిసే చేశావా?"

"మార్చినప్పుడు ప్యాకేజీ సంగతి తెలీదు. సంతకం పెట్టినప్పుడు తెలుసు."

"టీ పెట్టావు ఆ రోజు," అన్నారు.

 క్షమించమన్నాను. ఊఁ అన్నారు. అది సరేనో కాదో నాకు తెలియలేదు. అద్దం అంచునున్న కార్డు తీసి నా ఒళ్ళో పెట్టారు. "నీది నువ్వు తీసుకో," అని, దాని స్థానంలో తన కార్డు నిలబెట్టారు. "నేను ఇక్కడినుంచి కదలను. నీకు వెళ్ళాలనుంటే బ్యాగు ఉంది, బస్సులున్నాయి."

వెటకారంగా అనలేదు. మామూలుగానే అన్నారు. నిజంగానే నా చేతిలో వెళ్ళమన్న మాట ఉంది, ఇంట్లో గోడ మీదున్న మ్యాప్ ప్రకారం ముందు ఇంకా సగం దారి ఉంది. నేను వెళ్ళలేదు.

గాలి మర్నాటికే తగ్గింది. రోడ్డు తెరిచారు. పక్కనున్న వ్యాన్లన్నీ ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి, కొత్తవి వచ్చాయి, అవీ వెళ్ళిపోయాయి. ఆయన మడత కుర్చీ వేసుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చున్నారు. అన్నం పెడితే తిన్నారు. నాలుగు రోజులు. నేను ఆ ఒడ్డు ఈ చివరనుంచి ఆ చివరకి నడిచాను, వచ్చాను, నడిచాను. వ్యాన్‌లో ఉన్న ప్రతి గుడ్డా ఉతికాను. రెండో రోజున పోట్లాట పెట్టుకోబోయాను, ఆయన తల తిప్పలేదు. మూడో రోజున రెండో కుర్చీ తెచ్చి ఆయన పక్కన వేసుకున్నాను. ఊరికే కూర్చోవడం ఇంత కష్టమని నాకు తెలియదు.  సాయంత్రానికి నీళ్ళు వెనక్కి తగ్గి రాళ్ళు బయటపడడం చూశాను. ఆ ప్రయాణం మొత్తంలో నేను కళ్ళారా చూసింది ఆ రాళ్ళనే.

ఐదో రోజు పొద్దున్న ఇంజన్ చప్పుడు వినిపించింది. "ఎక్కు," అన్నారు. మెల్‌బోర్న్ దాకా అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం.

తిరిగొచ్చాక మొదటి ఆదివారం పాస్టర్ గారు ఆయన్ని పిలిచారు. ఆయన నోట్‌బుక్ లేకుండా వెళ్ళారు.  నిజం చెప్తే సంఘంలో నా మొహం చెల్లదు. దాచి మిగతాది చెప్తే ఆయన మొహం ఆయనకే చెల్లదు. మైకుని రెండు చేతులా పట్టుకుని, "ఈ ఏడాది నాకు వచ్చిన వాగ్దానం ఏంటో నాకు ఆలస్యంగా తెలిసిందండి. దాని ప్రకారం ఉండడం ఇప్పుడు నేర్చుకుంటున్నాను. అంతే," అని దిగిపోయారు. అందరూ ఆమేన్ అన్నారు. కారులో నేను థ్యాంక్స్ చెప్పబోతే, "సాక్ష్యంలో అబద్ధం చెప్పకూడదు. అందుకని పొట్టిగా చెప్పాను," అన్నారు.

ప్లాంటులోకి తిరిగి తీసుకోరు, ఆయన అడగనూ లేదు. ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతున్నారు. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి కొన్నిసార్లు ప్లాంటు గేటు ఎదురుగా ఉన్న కాఫీ షాపు పార్కింగ్‌లో మా కారు కనిపిస్తుంది. ఆయన కారులోనే కూర్చుని, గేటులోంచి బయటికొచ్చేవాళ్ళని చూస్తుంటారు. నేను అటువైపు వెళ్ళాల్సి వస్తే వేరే వీధిలోంచి తిరిగి వెళ్తాను. ఆ బాధ పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు.

ఆ ప్రయాణం తర్వాత వచ్చిన జనవరి ఒకటిన ఇద్దరం కలిసి వెళ్ళాం. బుట్ట మా వరసలోకి వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని ఒకటి తీసుకున్నారు. నేను చెయ్యి చాచలేక కూర్చున్నాను. "నీది నువ్వు తీసుకో," అన్నారు నెమ్మదిగా. తీసుకున్నాను. కారులో హీటర్ వేడెక్కేలోపు నాది ఆయనకి చూపించాను. చదివి తల ఊపారు. ఆయనది చొక్కా జేబులో పెట్టుకున్నారు, నాకు చూపించలేదు.

అది ఇప్పటికీ ఆ ఆదివారం చొక్కా జేబులోనే ఉంటుంది. వారానికోసారి బేస్‌మెంట్‌లో, ఆ మ్యాప్ కింద, మెషీన్‌లో వేసేముందు జేబు తడిమి దాన్ని బయటికి తీస్తాను. బోర్లా ఉన్నది బోర్లాగానే డ్రైయర్ మీద పెడతాను. బట్టలు తిరిగినంతసేపూ దాని ముందే నిలబడతాను. చొక్కా ఆరి, ఇస్త్రీ అయ్యాక, అలాగే తీసి, అలాగే జేబులో పెట్టేస్తాను.